అమ్మ చేసే పనిని తీసేసి కొలవండి

"స్నానం తనే చేస్తాడామ్మా?"

"చేస్తాడు బాబూ."

"అన్నం?"

"పెడితే తింటాడు."

ఆ "పెడితే" అన్న మాట కాగితం మీదికి ఎక్కలేదు. డాక్టరుగారిని తప్పు పట్టడం లేదు. ఆ రోజు వైకల్య సర్టిఫికెట్ల క్యాంపులో మా ముందు ముప్పై మందికి పైగా ఉన్నారు, వెనక ఎంతమందో చూడలేదు. ఆయన రెండో కాగితం తిప్పేలోపే మా పని అయిపోయింది. వారం తర్వాత మా వార్డు సచివాలయంలో చెప్పారు, స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధి ఉన్న మా తమ్ముడికి వైకల్యం నలభై శాతం లోపు వచ్చిందని. అంటే సదరం సర్టిఫికెట్టు, అదే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం, ఉంటుంది గానీ దేనికీ పనికిరాదు.

ఇది 2022 సంగతి. ఇంతకాలం దీని గురించి రాయకపోవడానికి కారణం, ఇంట్లో సంగతి బయట పెట్టడం అమ్మకి ఇష్టం లేకపోవడమే. ఇప్పుడు ఆవిడే "రాయి, పేరు మాత్రం వెయ్యకు" అంది.

రాయాలని అనిపించడానికి రెండు కారణాలు. 2025లో మన ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పెన్షన్ల రీవెరిఫికేషన్ జరిగింది కదా, నలభై శాతం కన్నా తగ్గినవాళ్ళకి నోటీసులు ఇచ్చారు కదా, అప్పుడు గుంటూరులో మా బ్రాడీపేట వీధిలోనే రెండిళ్ళలో ఏడుపులు విన్నాను. రెండోది, మా పెద్దమ్మ మనవరాలు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో మానసిక ఆరోగ్య సేవల్లో పని చేస్తుంది. మొన్న ఫోన్ చేసినప్పుడు తన పనేంటని అడిగితే, "ఎవరైనా సేవల కోసం వస్తే ముందు వాళ్ళ ఫంక్షనల్ స్క్రీన్ చెయ్యాలి పిన్నీ. జబ్బు పేరొక్కటే చూసి సేవలు ఇవ్వరు, రోజువారీ పనులు ఏ మేరకు చేసుకోగలరో చూసి అర్హత తేలుస్తారు" అంది. అరే, మా దగ్గరా ఇదే కదా అనిపించింది. ఆ రాత్రంతా ఇదే ఆలోచన.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. మనిషి పనితీరు చూడటం మంచిదే, జబ్బు పేరు చూడటం కన్నా చాలా మంచిది. కానీ ఆ కొలతని "నువ్వు లోపలికి రావచ్చు, నువ్వు రాకూడదు" అని చెప్పే గేటుగా వాడినప్పుడు మనం కొలుస్తున్నది జబ్బు మనిషిని కాదు, వాడి వెనక నిలబడి వాడిని నడిపిస్తున్న మనిషి చాకిరీని. అది ఎంత బాగా చేస్తే అంత తక్కువ మార్కులు. మా అమ్మ పదేళ్ళకి పైగా కష్టపడి కొడుకుని ఎలా నిలబెట్టుకుందో చూసి, అందుకే మీకు సాయం అక్కర్లేదు అని తేల్చారు.

ఇరవై మార్కుల లెక్క

మానసిక వ్యాధి ఉన్నవాళ్ళకి మన దేశంలో వైకల్య శాతం లెక్కకట్టేది ఐడియాస్ అనే కొలమానంతో. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ వాళ్ళు తయారు చేశారు, 2002లో కేంద్రం నోటిఫై చేసింది. నాలుగు విషయాలు చూస్తారు: తన ఒంటి పనులు తను చేసుకోవడం, మనుషులతో సంబంధాలు, మాట్లాడటం అర్థం చేసుకోవడం, పని. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. ఇవి 16. జబ్బు ఎన్నాళ్ళుగా ఉందో దానికి ఇంకో నాలుగు దాకా కలుపుతారు, రెండేళ్ళ లోపయితే 1, పదేళ్ళు దాటితే 4. మొత్తం 20. ఆరు దాకా వస్తే నలభై శాతం లోపు, ఏడు వస్తే నలభై అందుకున్నట్టు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం నలభై శాతం గీత. పెన్షన్, ఉద్యోగాల్లో రిజర్వేషన్ లాంటివన్నీ ఆ గీతకి అవతలే.

తమ్ముడికి జబ్బు 2011లో వచ్చింది, వాడికి 24 ఏళ్ళప్పుడు. కొత్తపేటలో ఒక మందుల షాపులో పని చేసేవాడు. కాబట్టి 2022కి పదేళ్ళు దాటాయి, కాలానికే 4 వచ్చేశాయి. మిగతా నాలుగు అంశాల్లో కలిపి వాడికి వచ్చినవి 2. ఒంటి పనులు సున్నా, సంబంధాలు ఒకటి, మాట్లాడటం సున్నా, పని ఒకటి. మొత్తం ఆరు. ఒక్క మార్కు!

పదేళ్ళకి పైగా ఏ ఉద్యోగం లేని మనిషికి "పని" కింద ఒకటే ఎందుకు వచ్చిందని అడిగాను. "ఇంట్లో ఏమన్నా చేస్తాడా అంటే నీళ్ళు పడతాడు, పాలు తెస్తాడు అన్నారు కదమ్మా" అన్నారు. నిజమే, అమ్మ అలాగే చెప్పింది. పాలు తెస్తాడు. ప్యాకెట్ కొట్టు మా ఇంటికి నాలుగడుగులు. అమ్మ డబ్బులు చేతిలో పెట్టి, గుమ్మంలో నిలబడి, వాడు తిరిగొచ్చేదాకా చూస్తూ ఉంటుంది.

ఆ రోజు పొద్దున అమ్మ వాడికి తలంటింది. గడ్డం గీయించింది. మా ఆయన పెళ్ళిరోజుకి కొన్న చొక్కా ఇస్త్రీ చేయించి వేసింది. పెద్దాసుపత్రికి, పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం కదా, పిల్లాడు మురికిగా కనిపిస్తే తల్లి ఏం చేస్తోందని అనుకోరూ? ఇది గుంటూరులో ఏ తల్లైనా చేసేదే. కొడుకు స్నానం చేస్తాడా అని పరాయి మగమనిషి అడిగితే చెయ్యడు అని ఏ తల్లి చెబుతుంది? తమ్ముడిని అడిగితే "నాకేం లేదు సార్, బాగానే ఉన్నా" అన్నాడు. తనకి జబ్బు లేదనుకోవడం ఈ జబ్బులో చాలామందికి ఉండే లక్షణమే. అంటే ఇంటి పరువు కాపాడుకునే తల్లీ, జబ్బు లేదనుకునే కొడుకూ కలిసి జవాబులు చెబితే వచ్చిన మార్కులు అవి.

ఆరు రోజులు

2023లో అమ్మ పెరట్లో జారిపడి కుడి మణికట్టు విరిగింది. విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రిలో చేర్చాం, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, ఆరు రోజులు అక్కడే. నేను అమ్మ దగ్గర ఉన్నాను. మా ఆయన ఆఫీసుకి వెళ్తూ తమ్ముడికి క్యారియర్ ఇచ్చి వెళ్ళేవారు, పక్కింటి పిన్నిగారు సాయంత్రం తొంగి చూసేవారు. రోజూ ఫోన్ చేస్తే "ఉన్నాడు, బాగానే ఉన్నాడు" అనేవాళ్ళు.

ఆరో రోజు ఇంటికి వచ్చేసరికి వంటింటి గట్టు మీద మూడు క్యారియర్లు మూత తియ్యకుండా ఉన్నాయి. వాసన. వాడు మేము వెళ్ళిన రోజు వేసుకున్న లుంగీలోనే ఉన్నాడు. మాత్రల డబ్బాలో ఆదివారం గడి మాత్రమే ఖాళీగా ఉంది, అది అమ్మ వెళ్ళేముందు తన చేత్తో వేసింది. కిటికీలన్నీ మూసేసి పేపర్లు అడ్డం పెట్టాడు. అమ్మని చూసి కూడా లేవలేదు. ఆ తర్వాత మళ్ళీ మామూలు మనిషి కావడానికి నాలుగు నెలలు పట్టింది, అందులో మూడు వారాలు ఆసుపత్రిలోనే.

ఎవరూ వాడిని వదిలెయ్యలేదు. అన్నం ఇచ్చారు, పలకరించారు. ఇవ్వనిది ఏంటంటే, అమ్మ రోజుకి ఎన్నో సార్లు చేసే, ఎవరికీ పనిలా కనిపించని పని. మూడుసార్లు పిలిచి లేపడం, బ్రష్ మీద పేస్టు పెట్టి చేతికివ్వడం, వేణ్ణీళ్ళు తోడి బయట నిలబడి "సబ్బు రాసుకున్నావా నాన్నా, వీపు మీద నీళ్ళు పోసుకో" అని చెబుతూ ఉండటం, కంచం ముందు కూర్చోబెట్టి ముద్ద నోట్లోకి వెళ్ళేదాకా కదలకుండా ఉండటం, మాత్ర మింగాక "నోరు తెరువు" అని చూడటం. ఇదంతా చేస్తే వాడు "తనే స్నానం చేస్తాడు, తనే తింటాడు".

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఐసీఎఫ్ అని మనుషుల పనితీరుకీ వైకల్యానికీ ఒక వర్గీకరణ తెచ్చింది. అందులో ఈ తేడాని స్పష్టంగా చెప్పారు: మనిషి తను ఉన్న చోట, ఉన్న సాయంతో చేస్తున్నది ఒకటి, ఏ సాయమూ లేకుండా చెయ్యగలిగింది ఇంకొకటి. రెండూ విడివిడిగా చూడమన్నారు. అది చదివినప్పుడు నాకు మా వంటింటి గట్టు మీద క్యారియర్లు గుర్తొచ్చాయి. మా ఇంట్లో ఈ రెండింటి మధ్య దూరం ఆ ఆరు రోజులే. క్యాంపులో మొదటిది కొలిచి రెండోదాని మీద తీర్పు చెప్పారు.

మరి జబ్బు పేరు చూసి ఇచ్చెయ్యొచ్చు కదా?

కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. స్కిజోఫ్రెనియా అని పదేళ్ళ కేస్ షీట్లు ఉన్నాయి, ఇంకేం కావాలి అని. కానీ మా కొలీగ్ భర్తకి బైపోలార్ (మనసు కొన్నాళ్ళు అతి హుషారుకీ కొన్నాళ్ళు దిగులుకీ ఊగే జబ్బు), బ్యాంకులో ఆఫీసరు, మందులు వేసుకుంటూ చక్కగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. పిల్లల్ని స్కూల్లో దింపుతాడు, ఆదివారం చేపలు తెస్తాడు. అదే జబ్బు పేరుతో ఇంకొకాయన మా పాత వీధిలో ఉండేవాడు, ఏడాదిలో సగం రోజులు ఇల్లు దాటి రాలేడు. పేరు ఒకటే. ఇద్దరికీ ఒకే సాయం ఇవ్వడం న్యాయం కాదు, పైగా జబ్బు పేరు పడగానే "వికలాంగుడు" అని ముద్ర వేస్తే మొదటాయనకి అన్యాయం. అందుకే పనితీరు చూడాలన్న వాళ్ళతో నాకు గొడవ లేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. 1995 చట్టంలోనే మానసిక వ్యాధిని వైకల్యంగా గుర్తించారు. కానీ కొలవడానికి ఒక పద్ధతంటూ 2002 దాకా నోటిఫై కాలేదు. కాలు పోయినవాడికి శాతం చెప్పొచ్చు, మనసుకి ఎలా చెబుతారు అన్న ప్రశ్న దగ్గరే కూర్చుంటే మా తమ్ముడిలాంటి వాళ్ళకి చట్టంలో పేరుండి చేతిలో ఏమీ లేకుండా పోయేది. ఆ నాలుగు ప్రశ్నలు తయారు చేసినవాళ్ళు తలుపు తెరవడానికే చేశారు. అది మూసే గొళ్ళెంగా ఎప్పుడు మారుతుందంటే, ఇంటి మనిషితో తీరిగ్గా మాట్లాడి, కేస్ షీట్లు చూసి నింపాల్సిన కాగితాన్ని నిలబడ్డపాటున నింపినప్పుడు.

అమెరికా వాళ్ళూ దీనితో తిప్పలు పడినవాళ్ళే. ఒకటి నుంచి వంద దాకా ఒకే అంకెతో మనిషి పనితీరు చెప్పే గ్యాఫ్ అనే స్కోరు ఏళ్ళ తరబడి వాడి, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 లో (మానసిక జబ్బులు గుర్తించడానికి అక్కడి సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం) తీసేశారు. దాని బదులు ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ హూడాస్ ప్రశ్నావళిని చూడమన్నారు, ఆరు రంగాల్లో గత 30 రోజుల్లో ఎంత ఇబ్బంది పడ్డావు అని అడుగుతుంది అది. ఒక్క అంకెలో మనిషి పట్టడు అని అంత పెద్దవాళ్ళకీ తెలిసొచ్చింది.

విస్కాన్సిన్‌లో ఉన్న మా పిల్లని ఒక ప్రశ్న అడిగాను. "మీ స్క్రీన్‌లో స్నానం చేస్తాడా అని అడుగుతారా?" దానికి తను, "చేస్తాడా లేదా అని కాదు పిన్నీ, ఎన్నిసార్లు ఇంకొకళ్ళు సాయం చెయ్యాల్సి వస్తోంది అని చూస్తాం, నెలలో ఎన్నిసార్లు, వారంలో ఎన్నిసార్లు అని" అంది. తేడా చిన్నదే, కానీ మా ఇంటికి సంబంధించి అదే అంతా. "చేస్తాడా" అంటే అమ్మ చేస్తాడు అంటుంది, పరువు. "వారంలో ఎన్నిసార్లు మీరు చెప్పాల్సి వస్తుందమ్మా" అంటే ఆవిడ లెక్క చెబుతుంది, అది తన కష్టం కాబట్టి. అక్కడ అంతా బాగుందని మాత్రం మా పిల్ల చెప్పలేదు. ఏటేటా మళ్ళీ చెయ్యాలట, కోలుకుంటున్న మనిషి ఆ ఏడాది స్క్రీన్ దాటకపోతే ఏమవుతుందో అని తనకీ టెన్షనేనట.

నోట్‌బుక్కు

2023 చివర్లో మళ్ళీ స్లాట్ బుక్ చేశాను. ఈసారి అమ్మ చేత కాదు, నేనే ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్కు పెట్టి వారం రోజులు ఇంట్లో జరిగిందంతా రాశాను. సోమవారం, లేపడానికి నాలుగు పిలుపులు. స్నానం లేదు. మంగళవారం, స్నానానికి అరగంట బతిమాలుడు, అమ్మ బయట నిలబడి. బుధవారం, చుట్టాలొస్తే గదిలోంచి రాలేదు, వాళ్ళు వెళ్ళాక గంటకి అన్నం. ఇలా.

ఈసారి వేరే డాక్టరుగారు. పక్కన ఒక సైకాలజిస్టు అమ్మాయి కూర్చుని ఉంది, పాతికేళ్ళు కూడా ఉండవు. నోట్‌బుక్కు తీసుకుని నాలుగు పేజీలు చదివింది. తర్వాత అమ్మని ఒకే ఒక్కటి అడిగింది. "మీరు లేకపోతే ఏమవుతుందమ్మా?"

అమ్మ ఏమీ మాట్లాడలేదు. కుడి చెయ్యి బల్ల మీద పెట్టి మణికట్టు మీద కుట్ల గీత చూపించింది. తర్వాత ఆరు రోజుల సంగతి నేను చెప్పాను.

ఒంటి పనులు రెండు, సంబంధాలు రెండు, మాట్లాడటం ఒకటి, పని మూడు. ఎనిమిది, కాలానికి నాలుగు, పన్నెండు. ఆరు నుంచి పన్నెండుకి! రెండుసార్లూ అదే కొలమానం. మధ్యలో వాడి జబ్బు తిరగబెట్టింది నిజమే, కానీ రెండో క్యాంపు నాటికి మళ్ళీ పాత మామూలుకి వచ్చేశాడు, అదే అమ్మ అవే పిలుపులు పిలుస్తోంది. మారింది ప్రశ్న. దాని వెనక, వినడానికి ఇరవై నిమిషాలు ఉన్న ఒక అమ్మాయి, రాసుకొచ్చే చదువు ఉన్న ఒక అక్క. ఈ రెండూ దొరకని ఇళ్ళు మన జిల్లాలో ఎన్నో.

2024 జనవరి నుంచి పెన్షన్ వస్తోంది. మొదట 3,000, జులై నుంచి 6,000. వాడి మందులకీ రక్త పరీక్షలకీ సరిపోతుంది.

కానీ ఆ రోజు జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పకపోతే ఇదంతా అబద్ధం అవుతుంది. నేను నోట్‌బుక్కు చదివి వినిపిస్తున్నప్పుడు తమ్ముడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. స్నానం చెయ్యడు, చుట్టాలొస్తే దాక్కుంటాడు, ఒక్క పనీ పూర్తి చెయ్యలేడు. అక్క నోటితో, పరాయివాళ్ళ ముందు. వాడు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు "నేను అంత పనికిమాలినోణ్ణా అక్కా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. లేదురా, అది కాగితం కోసం అన్నాను. కాగితం కోసం మనిషిని అంత తక్కువ చెయ్యాలా అన్నది వాడి కళ్ళల్లో ఉంది. ఇంట్లోవాళ్ళతో విడిగా మాట్లాడే ఏర్పాటు ఎక్కడైనా ఉంటే చాలు, ఇది జరగదు. ఒక కర్టెన్ చాలు.

క్యాంపు దాకా రానివాళ్ళు

ఇదంతా రాస్తుంటే మా ఆయన అడిగారు, "అమ్మ లేని మనిషికి మార్కులు ఎక్కువొస్తాయి కదా, అప్పుడు న్యాయమే కదా" అని. రావాలి మరి. కానీ ఆ మనిషికి స్లాట్ బుక్ చేసేదెవరు? ఆధార్, కేస్ షీట్లు పట్టుకుని పొద్దున ఏడింటికి లైన్లో నిలబెట్టేదెవరు? విజయవాడ రైల్వే స్టేషన్ బయట, పండిట్ నెహ్రూ బస్టాండ్ దగ్గర, జడలు కట్టిన జుట్టుతో తనలో తను మాట్లాడుకునే మనుషుల్ని మనందరం చూస్తాం. వాళ్ళకి ఆ కొలతలో ఇరవైకి ఇరవై రావచ్చు. ఆ బల్ల దాకా ఒక్కరూ రారు. తోడు ఉన్నవాడు బాగున్నట్టు కనిపించి ఆగిపోతాడు, తోడు లేనివాడు అసలు చేరుకోడు.

ఆడవాళ్ళది ఇంకో కథ. కృష్ణలంకలో మా దూరపు చుట్టం ఒకావిడ ఉంది, చెవుల్లో మాటలు వినిపిస్తూనే ముగ్గురికి వంట చేస్తుంది. ఉప్పు రెండుసార్లు వేస్తుంది, ఒకరోజు స్టవ్ ఆపడం మర్చిపోయింది, కొడుకు చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. కొలమానంలో గృహిణి పని కూడా పనే అని రాసి ఉంది, మంచిదే. కానీ ఆవిడని తీసుకెళ్ళిన భర్త "వంట చేస్తుందండీ" అన్నాడు, అయిపోయింది. ఆ వంట చెయ్యడానికి ఆవిడ ఎంత యుద్ధం చేస్తోందో ఎవరడిగారు? చెయ్యక తప్పదు కాబట్టి చేస్తున్న పనిని చెయ్యగలిగే శక్తి అనుకుంటే ఈ దేశంలో పెళ్ళైన ఏ ఆడదానికీ మానసిక వైకల్యం ఉండదు.

కాలానికి ఇచ్చే మార్కుల గురించి కూడా నాకు ఎప్పుడూ ఇబ్బందే. మాకు పదేళ్ళు దాటడం వల్ల నాలుగు కలిసొచ్చాయి. నాతో పని చేసే ఒకావిడ కూతురు విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతూ జబ్బు పడింది. 22 ఏళ్ళు, జబ్బు వచ్చి 14 నెలలు. కాలానికి ఒకటే వస్తుంది. గీత దాటాలంటే మిగతా వాటిలో ఆరు రావాలి, మా వాడికి మూడు వస్తే చాలేది. జబ్బు కొత్తలోనే మనిషిని పట్టుకుంటే చదువు, స్నేహాలు నిలబడతాయని డాక్టర్లే చెబుతారు. ఆ కొత్తలోనే మనం తక్కువ మార్కులు వేస్తున్నాం. పదేళ్ళు పాడయ్యాక రా అన్నట్టుంది. ఎక్కువ కాలం బాధపడ్డవాళ్ళకి ఎక్కువ ఇవ్వాలన్న ఆలోచన వెనక దయ ఉందని తెలుసు. అయినా ఆ పిల్ల తల్లికి ఇది ఎలా చెప్పను?

మరి దొంగ సర్టిఫికెట్ల సంగతి?

రీవెరిఫికేషన్‌ని సమర్థించేవాళ్ళు చెప్పేది ఇదే, నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. అర్హత లేనివాడు తీసుకునే ప్రతి రూపాయీ అర్హత ఉన్నవాడిదే. ప్రభుత్వం దగ్గర డబ్బుకి హద్దుంది, ఎక్కడో ఒక గీత గియ్యాలి. గీత వద్దు అనడం నాకు సాధ్యం కాదు. కానీ డబ్బు ఇచ్చే గీత వేరు, సేవలు ఇచ్చే గీత వేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి మనిషికీ ప్రభుత్వ వైద్యం పొందే హక్కు ఇచ్చింది. అందులో శాతాలు లేవు. ఓపీకి వెళ్తే మాత్రలు ఇస్తారు, అక్కడ ఎవరూ సర్టిఫికెట్ అడగరు. మాత్ర దాటాక కావలసినవే ఎక్కువ: పగలు నాలుగు గంటలు వెళ్ళి కూర్చునే చోటు, పని నేర్పేవాళ్ళు, ఇంటికొచ్చి చూసే నర్సు, అమ్మ జబ్బు పడితే ఆ ఆరు రోజులు వచ్చి ఉండే ఒక మనిషి. ఇలాంటి ఇళ్ళూ కేంద్రాలూ ఇంటి దగ్గర సేవలూ ఏర్పాటు చెయ్యాలని అదే చట్టంలో ఉంది. పనితీరు కొలత అక్కడ వాడండి. ఒంటి పనుల్లో రెండొస్తే ఈ సాయం, పనిలో మూడొస్తే ఆ శిక్షణ అని. ఎవరినీ బయటికి పంపడానికి కాకుండా, ఎవరికి ఏది కావాలో తెలుసుకోవడానికి.

డబ్బుకి గీత గియ్యాల్సి వస్తే మాత్రం, క్యాంపులో పది నిమిషాల మాటల మీద గియ్యకండి. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి మా గుమ్మం దాకా వచ్చి అమ్మ చేతిలో పెన్షన్ పెడతాడు. మా వీధి ఆశా కార్యకర్తకి ఏ ఇంట్లో ఎవరు మందులు మానేశారో తెలుసు. ఇంత దగ్గరికి రాగలిగిన ప్రభుత్వం, మనిషి ఇంట్లో ఎలా ఉన్నాడో ఇంటికి వచ్చి చూడటం కష్టమేమీ కాదు. దొంగలు కూడా ఇంట్లోనే దొరుకుతారు, క్యాంపులో కాదు. ఒక రోజు కుంటడం ఎవరికైనా చేతనవుతుంది. పక్కింటివాళ్ళ ముందు ఏడాదంతా నటించడం కష్టం.

ఒకసారి చూసి ఎప్పటికీ అనుకోవడం కూడా ఈ జబ్బులకి సరిపడదు. బైపోలార్ ఉన్న మనిషి క్యాంపు రోజున తేటగా ఉండొచ్చు. మూడు నెలల తర్వాత కాలవగట్టున దొరకొచ్చు. ఆ రోజు ఎలా ఉన్నాడన్నదాని కన్నా గడిచిన రెండేళ్ళలో ఎన్ని నెలలు బాగా లేడన్నది అడగాలి.

ఇంకో చిక్కుకి నాకు జవాబు దొరకలేదు. 2016 చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకి నాలుగు శాతం ఉంది. అందులో ఒక శాతం మానసిక వ్యాధి, ఆటిజం, మేధో వైకల్యం లాంటి వాటన్నిటికీ కలిపి. ఆ ఉద్యోగానికి అర్హత రావాలంటే నలభై శాతం ఉండాలి, నలభై రావాలంటే పని చెయ్యలేడని మార్కులు పడాలి. పని చెయ్యలేడని ఒక బల్ల దగ్గర రుజువు చేసి, చెయ్యగలడని ఇంకో బల్ల దగ్గర రుజువు చెయ్యాలి. చూపు, వినికిడి విషయంలో ఈ తిరకాసు లేదు, అక్కడ కొలిచేది కన్నునీ చెవినీ, పనిని కాదు.

ఇది మాకు పుస్తకంలో చిక్కు కాదు. పోయిన వేసవి నుంచి తమ్ముడు అరండల్‌పేటలో మాకు తెలిసినవాళ్ళ జిరాక్స్ షాపుకి రోజూ రెండు గంటలు వెళ్తున్నాడు. కాగితాలు సర్దుతాడు, స్టేప్లర్ కొడతాడు. జనం ఎక్కువైతే లోపలికి వెళ్ళి కూర్చుంటాడు, ఆయన ఏమీ అనడు. నెలకి 1,500 ఇస్తాడు. మొదటి నెల ఆ డబ్బుతో అమ్మకి జాకెట్టు గుడ్డ కొన్నాడు. అమ్మ ఆ గుడ్డ పట్టుకుని నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది, "పని చేస్తున్నాడని తెలిస్తే పెన్షన్ తీసేస్తారేమోనే, కొన్నాళ్ళు మాన్పిద్దామా?" వద్దన్నాను. అన్నానే గానీ, రీవెరిఫికేషన్ నోటీసులు వచ్చిన రోజుల్లో రెండు వారాలు వాడిని షాపుకి పంపలేదు. నేనే పంపలేదు. అమ్మ కాదు.

నోట్‌బుక్కు ఇంకా రాస్తున్నాం, మళ్ళీ పిలిస్తే ఉండాలని. అమ్మకి చెయ్యి నొప్పిగా ఉన్న రోజు తను చెబితే నేను రాస్తాను. పోయిన మంగళవారం తెరిచి చూస్తే నా రాత కింద ఇంకో రాత ఉంది. వాడిది. మందుల షాపులో బిల్లులు రాసిన నాటి గుండ్రటి అక్షరాలు, పన్నెండేళ్ళకి పైగా నేను చూడలేదు. "ఈ రోజు నీళ్ళు నేనే తోడుకున్నాను. అమ్మ పిలవలేదు."

అమ్మని అడిగితే నిజమేనంది. ఆ పూట మోకాళ్ళ నొప్పితో లేవలేకపోయిందట.

రేపు పిలుపొస్తే ఆ పేజీ ఉన్న పుస్తకమే తీసుకెళ్ళాలి.